ముప్ఫై రెండు డిగ్రీలు

పాము పాతిక పౌండ్లే.
నాలుగు నెలలు చెవిలో జోరీగై
కోరీ నన్ను ఒప్పించింది ఆ పాతిక చూపించే.
తక్కినదాని సంగతి వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తక్కినదంటే
గాజు పెట్టె, అడుగున వేడి పలక,
నీళ్ల గిన్నె, దాక్కోడానికి రెండు గూళ్లు,
గడ్డకట్టించిన ఎలుకపిల్లలు నెలకి సరిపడా.
చేపల ఫ్యాక్టరీ జీతం కవరు వెనక
ఒకదాని కింద ఒకటి రాసి కూడబోతే
మూడో వరస దగ్గరే ఆగింది పెన్ను.

పెట్టె రెండు వీధుల అవతల దొరికింది,
చచ్చిపోయిన ఒక తాబేలుది.
పగిలిన మూలకి టేపు వేశాం.
ఐస్‌క్రీమ్ డబ్బాలకి గుమ్మాలు కోసి గూళ్లు చేశాడు.
నీళ్లకి మా అమ్మ యాష్‌ట్రే. బరువైంది, బోర్లాపడదు.

థర్మోస్టాట్ దగ్గర మాత్రం క్లైవ్ మెట్టు దిగలేదు.
"అన్నీ చెత్తకుండీలోంచి ఏరుకో అమ్మాయ్,
ఇదొక్కటీ కొత్తది కొను.
ఇది లేకపోతే కాలుతుంది, లేదా కొయ్యబారుతుంది.
ఏదైనా నీకు తెలీదు. పాముకి అరవడం రాదు."
ముప్ఫై నాలుగు పౌండ్లు.
నా చలికోటు ఇంకో ఏడాదికి వాయిదా.
కోటు వంక చూశాడో ఏమో,
పాముని ఇరవైకే ఇచ్చేశాడు.

గ్రిమ్స్‌బీ బస్సులో వాడి ఒళ్లో దిండు గలీబు.
"రొట్టెలా బాబూ?" అంది పక్క సీటావిడ.
అవునన్నాడు.

బూటు లేసంత ఉంది, నారింజ రంగు.
టప్పెన్స్ అని పేరు పెట్టాడు. రెండు పెన్నీలు.
నేను ముట్టుకోనని ముందే చెప్పాను.
ఫ్రీజర్లో బఠాణీల వెనక ఒక డబ్బా,
మీద పెద్దక్షరాలతో: అమ్మా, ఇది తెరవకు.

మూడు వారాలు తినలేదు.
కరిగించడం, ఎదురుచూడడం, పారెయ్యడం.
ఒక్కో ఎలుకా అరవై పెన్నీలు.
బల్లమీద అన్నం వదిలేస్తే తిట్టే నేను
దాన్ని ఏమని తిట్టను?
నాలుగో వారం, మేం టీవీ చూస్తుంటే
తోక మాత్రం కనిపించింది నోటి బయట.
కోరీ గొంతు తగ్గించి ఏడ్చాడు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, ఒంటిగంటన్నరకి
మీటరు టక్కుమని ఆగింది.
ఇంటి ఓనరు పెట్టిన మీటరది,
పౌండు నాణెం తప్ప ఇంకేదీ మింగదు.
నా దగ్గర నలిగిన పది నోటుంది.
కోరీ సీసా వెతికాను. అన్నీ పెన్నీలు.
మూలకొట్టు తెరిచేది ఆరింటికి.

గాజుకి అంటించిన థర్మామీటరు మీద టార్చి వేశాను.
ముప్ఫై.
కెటిల్ అడుగున మిగిలిన గోరువెచ్చని నీళ్లు సీసాలో పోసి పెట్టాను.
ఇరవై ఆరు.
ఇరవై రెండు.
వాడు రెండు దుప్పట్ల కింద ముడుచుకుని నిద్రపోతున్నాడు.
లేపితే వాడు మాత్రం ఏం చేస్తాడు?

మూత తీశాను.
పగలంతా మంచులో హాడాక్ చేపలు కోసే చేతులివి,
ఎప్పటికీ పూర్తిగా వేడెక్కవు.
ఒక పాము ముందు వాటికి సిగ్గేసింది.

గలీబులో వేసి, ముడి వేసి,
స్వెట్టరు కింద, బనీను కింద,
ఒకప్పుడు వాడు పెరిగిన చోట పెట్టుకున్నాను.
కాసేపు వెతుక్కుంది.
తర్వాత చుట్ట చుట్టుకుని ఊరుకుంది.
నేను కుర్చీలో కదలకుండా
కిటికీ మీద పేరుకుంటున్న మంచుని చూస్తూ కూర్చున్నాను.
ఆ రాత్రి ఇంట్లో ముప్ఫై రెండు డిగ్రీలు దాటిన చోట్లు రెండే,
వాడి దుప్పటీ, నా పొట్టా.

ఆరింటికి అలాగే, దాంతోనే,
పాత కోటు గుండీలన్నీ పెట్టుకుని వెళ్లాను.
"పదికీ నాణేలేనా లీయాన్?" అంది డనూటా.
"పొట్ట పట్టుకున్నావేం, నొప్పా?"

"కాదు," అన్నాను. "నిద్రపోతోంది.
కాస్త చప్పుడు చెయ్యకుండా లెక్కపెట్టు."